పాత ఇంజనులోని గార, తుప్పు: శుద్ధి చేయు విధానము

అనకాపల్లి పేరు చెప్పగానే ఎవరికైనను బెల్లము జ్ఞప్తికి వచ్చును. శారదా నదీ పరీవాహక ప్రాంతమున చెరకు సాగు తరతరములుగా సాగుచున్నది. ఇచట చెరకు పరిశోధన కేంద్రము 1913లోనే వెలసినది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి ఒక జిల్లాకు కేంద్రమైనది. అయితే బజారునకు వచ్చు ప్రతి బెల్లపు దిమ్మ వెనుకను ఒక గానుగ కలదు. ఆ గానుగను మొదట ఎడ్లు త్రిప్పినవి. తరువాత ఆయిల్ ఇంజను త్రిప్పినది. నేడు అనేక గానుగలకు విద్యుత్ మోటార్లు అమరినవి. అయినను పాత ఇంజనులు పూర్తిగా మాయము కాలేదు. పాకల క్రింద, పంపుసెట్ల గదులలో, కరెంటు లేని వేళకు అక్కరకు వచ్చునని దాచినవి కొన్ని. బాగుచేసికొని మరల నడుపవలెనని ఉంచినవి కొన్ని.

ఇట్టి ఇంజనును చేతబట్టినవారు ముందుగా నాజిల్ చూతురు, పిస్టను రింగులు చూతురు, పైకి రంగు కూడ వేయుదురు. కాని కంటికి కానరాని నీటి దారులను చూచువారు అరుదు. ఇంజను ప్రాణము మాత్రము ఆ దారులలోనే ఉన్నది. ఆ దారులలో పేరుకొను గార, తుప్పు అనువాని స్వభావమును, వానిని తొలగించు పద్ధతిని విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఇందు మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. గారను కరగించుట సులభము. గార ఏ నీటివలన పుట్టెనో ఆ నీటిని మార్చనిచో చేసిన పని ఒక్క ఋతువునకే పరిమితమగును.

ఇంజను ఆగినచో కలుగు నష్టము

చెరకు నరికిన క్షణమునుండి అందలి చక్కెర విరుగుట ఆరంభించును. సుక్రోజు క్రమముగా గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారును. అట్టి రసమునుండి గట్టి దిమ్మ రాదు. బెల్లము జిగురుగా ఉండి, త్వరగా చెమ్మ పట్టును. కావుననే నరికిన చెరకును ఒక్క దినములోపల ఆడుట ఉత్తమమని చెప్పుదురు. గానుగ నడుమ ఇంజను వేడెక్కి ఆగిపోయినచో పెనము క్రింద పొయ్యి చల్లారును. నరికిన చెరకు కల్లములో ఎండును. కూలీలు ఊరక కూర్చుందురు. వేడెక్కిన ఇంజనుపై తొందరలో చన్నీరు కుమ్మరించినచో సిలిండరు హెడ్డు పగిలిపోవచ్చును. పాత రకపు హెడ్డు దొరకుట నేడు ఎంత కష్టమో పాత సామాను దుకాణములు తిరిగినవారికి తెలియును.

నీరు తిరుగు విధము

మన పల్లెలలో కనిపించు నిదాన వేగపు ఇంజనులలో పలువాటికి మూలము లిస్టర్ నమూనా. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణమున 1930 ప్రాంతమున వెలువడిన ఆ ఇంజను 5 అశ్వశక్తి గలది. నిమిషమునకు 600 చుట్లు తిరుగును. తరువాతి కాలమున దాని నమూనాలను గుజరాతులోని రాజ్‌కోట్ కర్మాగారములు విరివిగా తయారుచేసినవి. పూనాలో 1946లో ఏర్పడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ యంత్రములును దేశమంతట వ్యాపించినవి.

నీటితో చల్లబడు ఇట్టి ఇంజనులలో సిలిండరు చుట్టును, హెడ్డు లోపలను బోలు గదులు ఉండును. దీనినే వాటర్ జాకెట్టు అందురు. ప్రక్కన ఒక తొట్టె లేక డ్రమ్ము ఉండును. తొట్టె అడుగునుండి ఒక గొట్టము జాకెట్టు క్రింది భాగమునకు, హెడ్డు నుండి మరియొక గొట్టము తొట్టె పైభాగమునకు పోవును. వేడెక్కిన నీరు తేలికయై పైకి లేచును. చల్లని నీరు బరువై అడుగునుండి వచ్చి ఆ స్థానము నింపును. పంపు అక్కర లేకయే నీరు తనంతట తాను తిరుగును. ఈ పద్ధతికి థర్మోసైఫన్ అని పేరు. ఇందు నీటిని నెట్టు బలము చాల స్వల్పము. కావున దారి కొంచెము ఇరుకైనను ప్రవాహము మందగించును. పంపు ఉన్న ఇంజను కొంత ఓర్చుకొనగలదు గాని థర్మోసైఫన్ ఇంజను ఓర్చుకొనలేదు.

గార ఎట్లు పుట్టును?

ఇంట నీళ్లు కాచు కాగు లోపల తెల్లని పూత పట్టుట మనమందరము చూచినదే. ఇంజనులో జరుగునదియు అదియే. బావినీటిలో, బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేటులు కరగియుండును. నీరు వేడెక్కగానే కాల్షియం బైకార్బొనేటు విడిపోయి, కార్బన్ డై ఆక్సైడు వాయువు వెడలిపోయి, కరగని కాల్షియం కార్బొనేటు మిగులును. ఇది తాత్కాలిక కాఠిన్యము. కాల్షియం సల్ఫేటు వలన కలుగునది శాశ్వత కాఠిన్యము. సల్ఫేటు మిక్కిలి వేడి నీటిలో తక్కువగా కరగును. అందుచేత అత్యంత వేడిగల గోడమీదనే, అనగా హెడ్డులో ఎగ్జాస్టు దారి చుట్టునే, అది ముందుగా అంటుకొనును. చల్లదనము ఎచట మిక్కిలి అవసరమో అచటనే గార మందమగుట ఇందలి విషాదము.

ఒక చిన్న లెక్క చూతము. నీటి కాఠిన్యము లీటరుకు 300 మిల్లీగ్రాములనుకొందము. తొట్టెలో ఆవిరియైన మేరకు దినమునకు 20 లీటర్లు క్రొత్త నీరు పోసినచో 100 దినముల గానుగ ఋతువులో 2000 లీటర్లగును. దానితోపాటు లోనికి చేరు ఖనిజము 600 గ్రాములు. ఆవిరి పైకి పోవును గాని ఖనిజము పోదు. అందు సగము బురదగా తొట్టెలో దిగినదనుకొనినను, మిగిలిన 300 గ్రాములు 1000 చదరపు సెంటీమీటర్ల జాకెట్టు గోడపై పరచుకొనినచో మందము ఒక మిల్లీమీటరుకు మించును.

ఒక మిల్లీమీటరు ఏపాటిదని అనుకొనరాదు. గార వేడిని ప్రసరింపజేయు శక్తి పోత ఇనుముతో పోల్చినచో సుమారు 25వ వంతు మాత్రమే. అనగా ఒక మిల్లీమీటరు గార 25 మిల్లీమీటర్ల ఇనుప గోడ అడ్డు పెట్టినట్లు వేడిని ఆపును. తొట్టెలో నీరు గోరువెచ్చగానే ఉండును. సిలిండరు గోడ మాత్రము మండిపోవుచుండును. నూనె పొర మాడును, రింగులు పట్టుకొనును, హెడ్డు బీటలు వారును.

తుప్పు ఎట్లు పుట్టును?

తుప్పును ఉర్దూలో జంగ్ అందురు; తెలంగాణ తెలుగులో జంగు పట్టినదను మాటయు వినవచ్చును. ఇనుము, నీరు, ఆమ్లజని ఈ మూడును కలిసినచోట తుప్పు తప్పదు. అయితే ఒకే నీరు పలుమారులు వేడెక్కి చల్లారినచో అందు కరగిన ఆమ్లజని చాలవరకు వెడలిపోవును, తుప్పు మందగించును. క్రొత్త నీరు పోసినకొలది క్రొత్త ఆమ్లజని వచ్చును. గారకును తుప్పునకును ఉమ్మడి కారణము ఇచట బయటపడుచున్నది: మాటిమాటికి పోయు క్రొత్త నీరు. పంపు నుండి వచ్చు బోరునీటిని నేరుగా ఇంజనులోనుండి పోనిచ్చి పొలములోనికి వదలు పద్ధతి సులభముగా తోచును గాని, ప్రతి గంటకును క్రొత్త ఖనిజమును, క్రొత్త ఆమ్లజనిని లోనికి పంపుటయే అగును.

ఎర్రని తుప్పు వదులుగా రాలును. ఆమ్లజని అందని లోతులలో నల్లని గట్టి పొర ఏర్పడును. ఇది అయస్కాంతమునకు అంటును. రాలిన తుప్పు, సున్నపు రేణువులు, తొట్టెలో పడిన ఆకు అలము కలిసి జాకెట్టు అడుగున బురదగా గట్టిపడును.

ముందు పరీక్ష, పిదప చికిత్స

మందు వేయుటకు ముందు రోగము తెలియవలెను. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత నీటిని వదలి, హెడ్డుపై గల గొట్టపు వంపును విప్పి లోపల చూడవలెను. వంచిన తీగెతో గోకి కొంచెము పొడిని సేకరించి మూడు పరీక్షలు చేయవలెను. నిమ్మరసములో వేసినపుడు బుసబుస పొంగినచో అది కార్బొనేటు. పొంగక తెల్లగానే నిలిచినచో సల్ఫేటు కావచ్చును. ఎర్రగానో నల్లగానో ఉండి అయస్కాంతమునకు లాగబడినచో తుప్పు. నీటిపై నూనె తేలుట, లేక క్రాంకు గదిలోని నూనె పాలవలె తెల్లబారుట కనిపించినచో గాస్కెట్టో, హెడ్డో, సిలిండరో దెబ్బతిన్నదని అర్థము. దానిని సరిచేయక శుద్ధి ఆరంభింపరాదు.

శుద్ధి క్రమము

మొదటిది చేతి పని. ఆమ్లము బురదను తొలగింపలేదు. బురద క్రింద దాగిన గారను చేరనే చేరదు. కావున జాకెట్టు ప్రక్క మూతలు, అడుగు బిరడాలు విప్పి, కర్రపుల్లతో, వంచిన తీగెతో బురదను లాగివేయవలెను. పిమ్మట నీరు మామూలుగా పోవు దిశకు ఎదురుగా, పైనుండి క్రిందికి, గొట్టముతో నీరు పంపి, తేటనీరు వచ్చువరకు కడుగవలెను. తొట్టె జింకు పూసిన రేకుదైనచో దానిని వేరుచేసి ప్రక్కన పెట్టవలెను. జింకును ఆమ్లము తినివేయును.

రెండవది జిడ్డు తీయుట. జిడ్డు ఉన్నచోట ఆమ్లము పనిచేయదు. 10 లీటర్ల వేడినీటిలో పావుకిలో చాకలి సోడా కరగించి, జాకెట్టులో నింపి, కొన్ని గంటలుంచి వదలి కడుగవలెను. అల్యూమినియం భాగములున్న ఇంజనునకు ఇది తగదు; సోడా ఆ లోహమును తినును.

మూడవది గార తీయుట. వంటింటిలో ఇత్తడి పాత్రకు చింతపండు చేయు పనినే ఇచట నిమ్మ ఉప్పు, అనగా సిట్రిక్ ఆమ్లము చేయును. లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాములు కలిపిన ద్రావణమును జాకెట్టులో నింపి, పై రంధ్రమును తెరచియే ఉంచవలెను. పుట్టు వాయువునకు దారి లేనిచో పీడనము పెరుగును. పొంగు తగ్గినపుడు ఆ ద్రావణమును వదలి క్రొత్తది నింపవలెను. శక్తి అయిపోయిన ద్రావణమును లోపల నిలువ ఉంచినచో కాల్షియం సిట్రేటు తెల్లని ముద్దగా దిగి మరల దారి మూయును. రసాయన సమీకరణము ప్రకారము 300 గ్రాముల గారకు సుమారు 400 గ్రాముల నిమ్మ ఉప్పు కావలెను. అనగా 50 గ్రాముల వంతున 8 లీటర్ల ద్రావణము. ఎన్నిమారులు నింపవలెనో జాకెట్టు పట్టు నీటినిబట్టి విద్యార్థులే లెక్కింపవచ్చును.

సల్ఫేటు గార ఆమ్లమునకు లొంగదు. దానిని ముందుగా చాకలి సోడా వేడి ద్రావణములో చాలసేపు నానబెట్టినచో క్రమముగా కార్బొనేటుగా మారును. ఆ పిమ్మట ఆమ్లము పనిచేయును.

కొందరు త్వరగా ముగియవలెనని గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లమును పోయుదురు. అది గారను నిమిషములలో కరగించును, అంతటితో ఆగదు. గార ముగిసిన చోట ఇనుమును తినుట ఆరంభించును. హైడ్రోజన్ వాయువు వెలువడును. దానికి దీపము, బీడీ సోకిన మంట లేచును. పెద్ద కర్మాగారములలో ఇనుమును కాపాడు నిరోధక ద్రవ్యమును కలిపి, కాలమును కొలిచి, ఈ ఆమ్లమును వాడుదురు. ఆ వసతి లేనివారు దానిని వాడకుండుటయే మేలు.

నాలుగవది తుప్పు తీయుట. ఇచట మన ప్రాంతపు వస్తువే అక్కరకు వచ్చును. చక్కెర కర్మాగారములో చక్కెర తీయగా మిగులు మొలాసిస్ అను నల్లని పాకము తుప్పును కరగించును. పాత యంత్రములను పునరుద్ధరించు వారు పలు దేశములలో దీనిని వాడుచున్నారు. ఒక పాలు మొలాసిస్‌కు తొమ్మిది పాళ్లు నీరు కలిపి నింపి, ఒకటి నుండి మూడు వారములుంచవలెను. అందలి పదార్థములు తుప్పులోని ఇనుమును పట్టుకొని ద్రావణములోనికి లాగును. మంచి ఇనుమునకు కలుగు హాని చాల స్వల్పము. పులిసి నురుగు వచ్చును, దుర్గంధము కలుగును. కావున మూత బిగింపక, ఇంటికి దూరముగా ఉంచవలెను. వారమున కొకమారు పరిశీలించి, లోహము బయటపడగానే ఆపవలెను. అల్యూమినియం, జింకు భాగములకు ఇదియు పనికిరాదు. తొందర ఉన్నవారికి ఇది నచ్చదు. గానుగ లేని నెలలలో చేయుటకు మాత్రము ఇంతకన్న చౌకైన పద్ధతి లేదు.

ఐదవది తటస్థీకరణము. ఆమ్లపు జాడ మిగిలినచో అది లోపల పని చేయుచునే ఉండును. పలుచని చాకలి సోడా నీటితో కడిగి, తరువాత మంచినీటితో కడిగి, వెలువడు నీటిలో నీలి లిట్మస్ కాగితము ఎర్రబారకుండువరకు కొనసాగింపవలెను. శుద్ధియైన ఇనుము తడిగా గాలికి తగిలిన కొద్ది గంటలలోనే ఎర్రబారును. కావున కడిగిన వెంటనే నింపవలెను, లేదా పూర్తిగా ఆరబెట్టవలెను.

పాటింపవలసిన జాగ్రత్తలు

ఆమ్లమును నీటిలో పోయవలెను. నీటిని ఆమ్లములో పోయరాదు. రబ్బరు చేతి తొడుగులు, కంటి అద్దములు ధరింపవలెను. వేడిగానున్న ఇంజను మూత విప్పరాదు, దానిపై చన్నీరు పోయరాదు. వాడిన ద్రావణమును సున్నముతో తటస్థము చేయక వదలరాదు. బావి, చెరువు, పశువుల కుడితి తొట్టె దరిదాపులలో పారబోయరాదు.

మరియొక సంగతి ముందే తెలిసికొనవలెను. కొన్ని ఇంజనులలో సన్నని బీటను గారయే మూసియుంచును. గార పోయిన పిదప ఆ బీట కారనారంభించును. ఇది శుద్ధి వలన కలిగిన దోషము కాదు. దాగియున్న దోషము బయటపడుట. కావున నీరు నింపి ఒక రాత్రి కదపక ఉంచి, ఉదయమున నీటిమట్టమును, క్రాంకు గదిలోని నూనెను పరిశీలించిన తరువాతనే ఇంజనును నడుపవలెను.

శుద్ధి తరువాత

ఇక అసలు విషయము. భారత ప్రమాణాల సంస్థ త్రాగునీటి కాఠిన్యమునకు లీటరుకు 200 మిల్లీగ్రాములు తగిన పరిమితియనియు, వేరు ఆధారము లేనిచో 600 వరకు అనుమతింపవచ్చుననియు నిర్ణయించినది. అనగా మనిషి త్రాగదగిన నీరు ఇంజనుకు తగినది కాకపోవచ్చును. ఇంజనుకు వాననీరు శ్రేష్ఠము. పెంకుల కప్పు నుండి మొదటి వానను వదలివేసి, పిదపటి వాననీటిని డ్రమ్ములలో నిలువచేసినచో ఋతువంతటికి సరిపోవును. అది దొరకనపుడు బావినీటిలో కొంచెము చాకలి సోడా కలిపి రాత్రియంతయు నిలువ ఉంచి, పైకి తేరిన నీటిని వాడవచ్చును. ఒకమారు పోసిన నీటిని ఊరక మార్చరాదు. తొట్టెకు మూత వేసినచో చెత్త పడుట, ఆమ్లజని చేరుట రెండును తగ్గును. ఋతువు ముగియగానే నీటిని పూర్తిగా వదలి ఆరబెట్టవలెను. సగము నిండిన జాకెట్టు వలె తుప్పునకు అనుకూలమైనది మరొకటి లేదు.

కారులకు వాడు కూలెంటు ద్రవమును తెరచియున్న గానుగ తొట్టెలో పోయుట ఎన్నటికిని తగదు. అందు ఎక్కువగా ఉండు ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తీయన, గుణమున విషము. పశువులును, పసిపిల్లలును తిరుగు బెల్లపు పాకలో తీపి విషముతో నిండిన తొట్టె ఉండుట ఎంతటి ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. పూర్వము వాడిన క్రోమేటు లవణములును విషములే.

విద్యార్థులకు, కళాశాల కమిటీ వారికి

రసాయన శాస్త్ర ప్రయోగశాలలో ప్రతి సంవత్సరము నీటి కాఠిన్యమును ఇ.డి.టి.ఎ. ద్రావణముతో కొలుచుచున్నాము. సీసాలో ఇచ్చిన నీటిని కొలిచి, మార్కులు పొంది, ఆ సంఖ్యను మరచుచున్నాము. దానికి బదులు ప్రతి విద్యార్థియు తన ఊరి బావినుండి ఒక సీసా నీరు తెచ్చి కొలిచినచో, పరీక్షకును పనికివచ్చును, ఊరికిని పనికివచ్చును. ఊరి పేరు, బావి లేక బోరు లోతు, కాఠిన్యము అను మూడు గడులతో ఒక పట్టిక తయారుచేసి, తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి, రైతులకును మెకానిక్కులకును అందజేయవచ్చును. దీనికి కావలసిన రసాయనములు ప్రయోగశాలలో ఉండునవే. అదనముగా కావలసినవి కొన్ని ఖాళీ సీసాలు, కొంత శ్రద్ధ. కమిటీ వారు అనుమతించినచో వచ్చు గానుగ ఋతువు ఆరంభమునకు ముందే ఈ పట్టిక సిద్ధము కాగలదు. ఏ ఊరి నీరు ఇంజనులో పోయదగినదో, ఏ ఊరి నీటిని ముందుగా మెత్తబరచవలెనో ఆ కాగితమును చూచి రైతు తానే నిర్ణయించుకొనగలడు.